లాభం, రెండు, మూడు

అయిజ,
1949 మార్చి 6

రూతమ్మ నాయనకు, దేవమ్మ ఎంతో ప్రేమతో రాస్తున్నది.

నేనూ, రూతమ్మా, చిన్నది సీయోనమ్మా బాగున్నాం. తుంగభద్ర ఆనకట్ట పని దగ్గర ఎండలు ముదిరాయట, తలకు తువ్వాలు చుట్టుకోకుండా రాళ్ళు మోయకు. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే సామ్యూల్ అన్నకు వందనాలు. అన్నా, జర మెల్లగా చదువు. ఆయన చెవులు మంచివే, మనసుకే ఏదైనా ఆలస్యంగా ఎక్కుతుంది.

మన వాడకు బడి రాలేదు. అందుకని నేను పిల్లలను ఎక్కడికి తీసుకుపోతే అదే బడి. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో నాలుగో తరగతి దాకా చదివిన చదువంతా దారి పొడవునా వీళ్ళకు పోస్తున్నాను. జొన్నకోతకు పోయేటప్పుడు దుమ్ములో పుల్లతో అక్షరాలు రాయిస్తాను. సంతకు పోతే గ్యాసునూనె డబ్బా మీద ఏం రాసి ఉందో చదవమంటాను. మిరపకాయలమ్మే ఆమెను ఏ ఊరని అడిగి, ఆ ఊరు ఏ దిక్కున ఉందో చెయ్యి చాపి చూపించమంటాను. సంతలో జనం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. చూడనీ.

పోయిన వారం రాజోలిలో మా అక్క ఇంటికి పోయాం. తుంగభద్రలో నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి. రూతమ్మ నీళ్ళలో నిలబడి, "గీ నీళ్ళు నాయన కాడికెల్లే వచ్చినయా?" అని అడిగింది. అవునన్నాను. "ఎన్ని దినాలు పట్టింది?" అంది. నాకేం తెలుసు? తెలియదన్నాను. వేళ్ళు మడిచి లెక్కేసి అదే చెప్పింది, "నాయన అయిదు దినాలు నడిచిండు. నీళ్ళు రాత్రి గూడ నడుస్తయ్ గద. రెండున్నర దినాలల్ల వస్తయ్." పిల్లలిద్దరూ ఆ నీళ్ళు దోసిళ్ళతో ముఖం మీద పోసుకున్నారు. వాళ్ళు అటు తిరిగినప్పుడు నేనూ పోసుకున్నాను.

ఇక నువ్వు అడిగిన సంగతి. దాని చదువు కోసమే కదా రెండేళ్ళుగా అక్కడ పడి ఉన్నావు. నువ్వు చెప్పినట్టే సోమవారం దాన్ని గద్వాలలో బోర్డింగు బడికి తీసుకుపోయాను. టీచరమ్మ ఒక వరస పిల్లలను చూపించి ఎంతమందో లెక్కపెట్టమంది. రూతమ్మ వేలు చూపిస్తూ గట్టిగా మొదలుపెట్టింది, "లాభం, రెండు, మూడు..."

గది మొత్తం గొల్లున నవ్వింది. తప్పు నాదే. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అంటాం కదా. నేను దానికి లెక్కలు నేర్పింది కళ్ళంలోనే. మనుషులను అలా లెక్కపెట్టరని చెప్పనేలేదు. పిల్ల తల దించుకున్నది మళ్ళీ ఎత్తలేదు. వాళ్ళు చేర్చుకోలేదు. తీసుకొచ్చేశాను. ఇంటి దగ్గర నేనే చదువు చెప్పుకుంటాను. నువ్వు మనసు కష్టపెట్టుకోకు.

నీ
దేవమ్మ


అయిజ,
1949 ఏప్రిల్ 3

రూతమ్మ నాయనకు నమస్కారాలు.

నీ జాబు అందింది. "పని ఇడిసిపెట్టి గద్వాలకు పోత. ఆ టీచరమ్మ కాళ్ళన్న పట్టుకుంట, బిడ్డను మాత్రం చేర్పిస్త" అని రాయించావు. అది చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. సామ్యూల్ అన్నా, ఇక్కడి నుంచి నలుగురి ముందు చదవకు. ఆయనను పక్కకు తీసుకుపోయి చదువు.

నీతో అబద్ధం ఆడాను. ఆ టీచరమ్మ నవ్వలేదు. నవ్విన పిల్లలను కసిరింది. రూతమ్మను దగ్గరికి పిలిచి, లాభం అని ఎందుకంటారో అడిగి తెలుసుకుంది. పుస్తకం ఇస్తే ఇది ఒక పేజీ గడగడా చదివింది. తరువాత దాన్ని వరండాలోకి పంపి నాతో చెప్పింది, "ఎండాకాలం సెలవులయినంక జూన్ల తోల్కరా దేవమ్మా. మూడో తరగతిల కూసోబెడ్త. మంచిగ నేర్పినవు." నేను సరేనని తల ఊపాను. బయటికొచ్చి బిడ్డతో మాత్రం, "నిన్ను తీసుకోరంటనే" అన్నాను.

ఎందుకన్నానో నీకు చెప్పుకోకపోతే ఇంకెవరికి చెప్పుకోను? నువ్వు పోయినాక నాతో మాట్లాడే మనిషి అదొక్కతే. పొద్దున కూలికి పోయేటప్పుడు, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అది ఏదో ఒకటి అడుగుతుంది, నేను చెబుతాను, నాకు తెలియకపోతే ఇద్దరం కలిసి ఏదో ఒకటి అనుకుంటాం. ఆ మాటల్లో ఇల్లు వచ్చేస్తుంది. బిడ్డకు దేవమ్మ ఎంత బాగా చదువు చెబుతున్నదో అని వాడలో అందరూ మెచ్చుకుంటారు. నేను చెప్పిన చదువులో సగం దాన్ని నా కొంగుకు కట్టేసుకోవడానికే. బోర్డింగులో చేరితే ఆరు నెలలకు ఒకసారి వస్తుంది. నువ్వు ఏడాదికి ఒకసారి వస్తావు. అందరినీ దూరం పంపి నేను ఎంతకని ఎదురుచూడాలి? నాకు నువ్వు కావాలని ఉంది. ఇన్ని ఉత్తరాల్లో ఈ ముక్క ఒక్కసారీ రాయలేదు, సిగ్గేసి.

టీచరమ్మ కాళ్ళు పట్టుకోవడానికి నువ్వు రానవసరం లేదు. జూన్‌లో నేనే తీసుకుపోయి వదిలి వస్తాను. ఆ లోపల బిడ్డకు నిజం చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. దాని ముందు అబద్ధాలకోరుగా నిలబడాలంటే భయంగా ఉంది.

నీ
దేవమ్మ


గద్వాల,
1949 జూన్ 26

ప్రియమైన నాయనకు,

ఇది నేను ఒక్కదాన్నే కూర్చుని రాస్తున్న మొదటి ఉత్తరం. తప్పులుంటే సామ్యూల్ పెదనాయన సర్దుకుని చదవాలి.

నేను బడిలో చేరి పన్నెండు రోజులయింది. మూడో తరగతిలో ఉన్నాను. అన్నం రెండు పూటలా పెడతారు. నా పక్కన పడుకునే పిల్ల పేరు రాధమ్మ, కొత్తకోట నుంచి వచ్చింది. టీచరమ్మ మంచిది.

చేరడానికి ముందు అమ్మ నన్ను కూర్చోబెట్టి, బడి వాళ్ళు నన్ను అప్పుడే చేర్చుకుంటామన్నారని చెప్పి ఏడ్చింది. "నన్ను తిట్టు బిడ్డా" అంది. నేను తిట్టలేదు. నాకు ముందే తెలుసు నాయనా. ఆ రోజు వరండాలో తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. టీచరమ్మ చెప్పినదంతా విన్నాను.

ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు అమ్మ నన్ను దారిలో ఒక్కటీ అడగలేదు. పిట్ట కనబడినా పేరు అడగలేదు. నీడ చూసి పొద్దు ఎంతయిందో చెప్పమనలేదు. చెయ్యి గట్టిగా పట్టుకుని ఊరు వచ్చేదాకా నడిచింది. అమ్మ అలా ఎప్పుడూ లేదు. అందుకే నేను విన్నానని చెప్పబుద్ధి కాలేదు. నేను కూడా అమ్మ దగ్గరే ఉండిపోదామనే అనుకున్నాను.

నన్ను వదిలి పోయేటప్పుడు అమ్మ గేటు దాకా నవ్వుతూనే పోయింది. సీయోనమ్మ చంకలో నిద్రపోయింది. గోడ మీది నుంచి చూస్తే ఇద్దరూ చాలాసేపు కనబడ్డారు. అమ్మ దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడడానికి ఎవరూ లేరు.

నా చదువు కోసమే అక్కడ ఉన్నానని నువ్వు ప్రతి జాబులో రాయిస్తావు. నేను చేరాను కదా. ఇక్కడ నాకు తోడుగా ఇరవై ఆరు మంది పిల్లలున్నారు, టీచరమ్మ ఉంది. నేను బాగా చదువుకుంటాను, నీ మీద ఒట్టు.

నువ్వు ఇంటికి పో నాయనా.

నీ కూతురు
రూతమ్మ