కాలరు లోపలి రెండో కుట్టు

విజయనగరం, బుధవారం రాత్రి

మహిళా సంఘాలకు టెండరు నిబంధనలు సడలిస్తే, అనుభవం లేనివారి చేతిలో ప్రజల పని పెట్టినట్టే. రేపటి కాలేజీ డిబేట్‌లో నేను జవాబు చెప్పవలసిన అభియోగం ఇది. ఈరోజు మునిసిపల్ ఆఫీసులో, బడిపిల్లల యూనిఫాంల టెండరు సమావేశంలో, పాత కంట్రాక్టరు ఇదే మాటను, కుట్టుపని మహిళా సంఘం తరఫున వచ్చిన మా పిన్ని ముఖం మీదే అన్నాడు.

నేను లేచేలోపే పిన్ని అతను నమూనాగా తెచ్చిన చొక్కా అందుకుని కాలరు తిరగేసింది.

"లోపల రెండో కుట్టు సూడండి బాబూ, ఇది నాను ఏసిందే. ఆరేళ్లుగా మీకు మా సంఘమే కుట్టి ఇస్తన్నాది. సూదిలో దారం ఎక్కించడం మీకు వస్తాదేటి?"

గదంతా నవ్వింది. అనుభవం పిన్నిది, దాని ధ్రువపత్రం మాత్రం అతనిది. సడలింపు కింద సంఘం దరఖాస్తును అధికారి స్వీకరించారు.

నేను వారం రోజులుగా పేర్చుకున్న వాదన కన్నా ఆ ఒక్క ప్రశ్నే పదునైనది. కాస్త అసూయగా, చాలా సంతోషంగా ఉంది. పని ఇంకా ఖాయం కాలేదు. అతను రేటు తగ్గించి మళ్లీ తన్నుకుపోతే, సంఘం ఆడవాళ్లు తిరిగి అతని గుమ్మం ముందే...

రేపు సభికులకు ఒకటే చెబుతాను. టెండరు ఫారంలో పని చేసినవారి పేరుకూ ఒక గడి ఉండాలని అర్జీ రాశాను. చప్పట్లు తరవాత, ముందు సంతకం పెట్టండి.