ఒంటికాలి మనిషి

మరదలా,
ఆశీస్సులు అందుకో. చదివాక ఈ ఉత్తరం చించెయ్యి.

ఫోన్ చేద్దామంటే ఈ ఇంట్లో అడ్డుగోడలన్నీ మీ అన్నయ్య బిగించిన చెక్కపలకలే. గుసగుసలాడినా అవతలికి వినిపిస్తుంది. అందుకే కలం పట్టాను.

నిచ్చెన మీంచి పడ్డ దగ్గర్నుంచి మీ అన్నయ్య మాట్లాడటం తగ్గించేశారని నీకు తెలుసుగా. మోకాలు అతుక్కుంది, మనిషే అతుక్కోలేదు. రంపం ముట్టుకోరు. "పనిలోకి ఎప్పుడు?" అంటే "చూద్దాం" అంటారు. అలాంటి మనిషి ఈమధ్య సాయంత్రమయ్యేసరికి గడ్డం గీసుకుని, తల దువ్వుకుని బయల్దేరుతున్నారు. ఎక్కడికంటే "ఊరికే".

నిన్న గుండీ కుడదామని కోటు తీస్తే లోపలి జేబులో ఒక బొమ్మకార్డు. పేకముక్క కాదు. ఒక కుర్రాడు ఒంటికాలి మీద నాట్యం చేస్తున్నాడు. రెండో కాలు మడిచాడు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. తల చుట్టూ వెలుగు, ముఖం ప్రశాంతంగా ఉంది, జుట్టు మాత్రం నిక్కబొడుచుకుంది. పైనా కిందా అంచులు కత్తిరించేశారు, పేరు లేదు. నువ్వు పట్నంలో కళ్ళజోళ్ల షాపులో రోజూ పదిమందిని చూసేదానివి, ఇదేమిటో కనుక్కో. నాకు కోపం లేదు. తెలియకపోతే మాత్రం తిన్నది అరగదు.

ఇట్లు,
మీ వదిన

తా.క. కోపం లేదన్నాను గానీ, గుండీ కుట్టలేదు.

* * *

వదినా,
నమస్కారం. చించెయ్యమన్నావు గానీ, అంత రుచిగా ఉన్న ఉత్తరం చించడానికి చేతులు రాలేదు.

అది టారో కార్డు. జరగబోయేది చెప్పేవాళ్లు వాడతారు. మా షాపుకి కళ్ళజోడు కోసం అలాంటి కార్డులావిడే వస్తోంది. నువ్వు రాసినట్టే చెప్పాను. "నాట్యమా? అయితే 'ప్రపంచం' కార్డే. కానీ అందులో ఆడమనిషి కదా ఉండాలి!" అని కాసేపు ఆలోచించి, "ఏదైతేనేం, అనుకున్నది నెరవేరుతుంది, కొత్త లోకం తలుపు తెరుచుకుంటుంది" అంది.

నన్నడిగితే అన్నయ్య ఎక్కడో నాట్యం నేర్చుకుంటున్నాడు. మోకాలికి మంచిదని డాక్టరు చెప్పి ఉంటాడు. నీకు చెప్పడానికి సిగ్గు. చిన్నప్పుడు అద్దం ముందు గెంతుతుంటే నేను చూశానని ఎన్నాళ్లో నాతో మాట్లాడలేదు.

నీ మరదలు

తా.క. ఆ మాటలన్నీ ఆవిడ మా అద్దాల బీరువాతో చెప్పింది, నేననుకుని. కళ్ళజోడు ఇంకా తయారు కాలేదు పాపం.

* * *

మరదలా,
ఆశీస్సులు. నిలబడే రాస్తున్నాను, కూర్చోలేక.

ఆయనకి కొత్త లోకం తలుపు తెరుచుకుంటే నేను ఇవతలే ఉండిపోతానా? మా వీధి చివర మేడమీద జంటనాట్యం నేర్పుతారు. వెళ్లి చేరిపోయాను. "మీ జోడీ ఎవరండీ?" అంది టీచరమ్మ. "ఆయన వేరేచోట నేర్చుకుంటున్నారు, చివర్లో కలుపుకుంటాం" అన్నాను. అప్పటిదాకా పట్టుకోమని ఒక కుర్చీ ఇచ్చింది. మా ఇద్దరిలో కుర్చీయే నయమట.

నడుం పట్టేసింది. రాత్రి మూలుగుతుంటే మీ అన్నయ్య తలెత్తి, "ఏమైంది నడుముకి?" అన్నారు. పడ్డ దగ్గర్నుంచి ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

మీ వదిన

తా.క. నీళ్ల బకెట్ ఎత్తానని చెప్పాను. అప్పట్నుంచి బకెట్లు ఆయనే మోస్తున్నారు. నాట్యం ఇంత లాభమని ఎవరూ చెప్పలేదే!

* * *

వదినా,
నమస్కారాలు తర్వాత. ముందు ఆ కార్డు తలకిందులుగా పట్టుకో! పట్టుకున్నావా? అది నాట్యం కాదు.

ఇవాళ కార్డులావిడకి కళ్ళజోడు ఇచ్చాం. పెట్టుకోగానే మురిసిపోయి కార్డులన్నీ తీసి చూసుకుంటోంది. అందులో నీ కుర్రాడు! తల కిందికి, కాలు పైకి, తాడుతో దూలానికి! దాని పేరే 'వేలాడే మనిషి'. జుట్టు నిక్కబొడుచుకోలేదు వదినా, కిందికి వేలాడుతోంది. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయింది, నేను ఆగలేదు. దిగులుగా కూర్చున్న మనిషి జేబులో ఇలాంటి బొమ్మా? ఇంట్లో ఉన్న తాళ్లన్నీ దాచెయ్యి. భయమేసి ఫోన్ కూడా చేశాను. అన్నయ్యే ఎత్తాడు. "ఊరికే చేశాను" అని పెట్టేశాను.

నీ మరదలు

తా.క. నువ్వు కంగారుపడకు. నేను పడుతున్నది ఇద్దరికీ సరిపోతుంది.

* * *

మరదలా,
ఆశీస్సులు. నీ ఉత్తరం అందిన క్షణం నుంచి తాళ్ల వేటలో ఉన్నాను. బట్టల దండెం విప్పేశాను, కర్టెన్ల తాళ్లు లాగేశాను, చివరికి ఆయన బూట్ల లేసులు కూడా తీసేశాను. తడిబట్టలన్నీ కుర్చీల మీద. "ఇల్లేమిటి ఇలా ఉంది?" అన్నారు. "సర్దుతున్నా" అన్నాను. లేసుల్లేని బూట్లతో టపటపలాడించుకుంటూ వెళ్లిపోయారు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఇన్నాళ్లూ ఆయన మోకాలు ఎలా ఉందని అడిగాను గానీ, ఆయనెలా ఉన్నారని అడగలేదు. రేపు వెనకాలే వెళ్తాను. ఆ టపటప వీధి అవతలికి వినిపిస్తుంది, తప్పిపోయే భయం లేదు.

మీ వదిన

తా.క. కార్డు తిప్పి కూడా చూశాను. ఎలా తిప్పినా ఆ కుర్రాడి ముఖంలో దిగులు లేదు. వేలాడేవాడికి అంత నిమ్మళం ఎక్కడిదో ఆవిడని అడుగు.

* * *

వదినా,
నమస్కారం, క్షమాపణ కూడా. అడిగాను. "సగం విని పరిగెత్తేవాళ్లకి కళ్ళజోడు కాదమ్మా, చెవిజోడు కావాలి" అని చీవాట్లు పెట్టింది.

తాడు మెడకి కాదట, పాదానికట. అది చావు కార్డు కాదు. పనులన్నీ ఆగిపోయి, మనిషి ఎటూ కదల్లేనప్పుడు ఆ కార్డు వస్తుందట. పెనుగులాడకుండా ఆగితే, రోజూ చూసే లోకమే వేరే వైపు నుంచి కనిపిస్తుందట. ఆ కుర్రాడి నిమ్మళం అదేనట. చావుకి వేరే కార్డు ఉందట, దానిక్కూడా చావని అర్థం లేదట! ఈ విద్యలో ఏదీ కనిపించినట్టు ఉండదు వదినా.

నీ మరదలు

తా.క. ముందు అన్నయ్య లేసులు ఇచ్చెయ్యి. ఈసారి పడితే పాపం మనది.

* * *

మరదలా,
ఆశీస్సులు. తీరిగ్గా కూర్చుని చదువు.

వెనకాలే వెళ్లాను. రొట్టెల దుకాణం పక్క సందులో, మీ షాపు ఆవిడ లాంటిదే ఇంకొకావిడ, కార్డులు చెప్పే గది కొత్తగా పెట్టుకుంటోంది. దాని పెరట్లో మీ అన్నయ్య కాలు చాపుకుని నేలమీద కూర్చుని, చేతిలో ఉలితో, మనిషెత్తు చెక్క మీద ఆ వేలాడేవాణ్ణి చెక్కుతున్నారు! గది ముందు తగిలించే బోర్డట. కార్డు ఆవిడే నమూనాకి ఇచ్చింది. గీతలు కొలుచుకోవడానికి అంచులు కోసింది ఈయనే.

"నాతో చెప్పలేదేం?" అన్నాను.

"చేతనవుతుందో లేదో నాకే తెలీదు. సగంలో వదిలేస్తే నీ ముఖం చూడలేనని..." అన్నారు.

పక్కన కూర్చుని రంగులు వేశాను.

నిన్న తగిలించాం. ఆయన నిచ్చెన ఎక్కారు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. అంత దగ్గర్నుంచి ఆయనకి బొమ్మ పూర్తిగా కనబడదు. "సరిగ్గా ఉందా?" అన్నారు. నా కళ్లకి అలవాటైంది నాట్యం చేసే కుర్రాడే కదా! "తలకిందులుగా ఉంది, తిప్పండి" అన్నాను. తిప్పి మేకులు కొట్టేశారు. పెళ్లయ్యాక నా మాట మారుమాట లేకుండా విన్నది ఆ ఒక్కసారే, అదే తప్పయింది.

దిగి చూసి, నిచ్చెన మెట్టు మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వారు. ఆ గది ఆవిడ బయటికొచ్చి చాలాసేపు తలెత్తి చూసింది.

"ఈ కార్డు తిరగబడితే అర్థమేమిటో తెలుసా? ఎదురుచూపు అయిపోయిందని, తాడు ఊడిందని. దాన్ని అలాగే ఉంచండి" అంది.

ఇంటిదాకా ఆయనే మాట్లాడారు. చెక్క గురించి, ఉలి గురించి, పడ్డ రోజు నేలమీంచి కనిపించిన ఆకాశం గురించి. నాకు మధ్యలో సందు దొరికితే ఒట్టు.

మీ వదిన

తా.క. ఆ బోర్డు చూసి, నాట్యం నేర్పుతారా అని ఇవాళ ఇద్దరు లోపలికి వెళ్లారట. ఆవిడ కూర్చోబెట్టి కార్డులు చెప్పి పంపింది. అనుకున్నది నెరవేరుతుందట. ఏమనుకున్నారో మాత్రం అడగలేదట.