మోటర్లు వేసే వేళ రెండు కార్డులు

శుక్రవారం, రాత్రి

గద్వాలలో నా షాపులో రెండు గ్రాఫిక్స్ కార్డులనూ ఒకే గేమ్ మీద నడిపి చూశాను. పెద్దదాంట్లో నున్నగా పోయింది, చిన్నదాంట్లో అక్కడక్కడా తడబడింది. ధరలో తేడా కొంచెమే. కార్డు కొనడానికొచ్చిన ఖాజాను పెద్దదే తీసుకొమ్మన్నాను.

సాయంత్రం దాన్ని బిగించడానికి ఇటిక్యాలలో వాళ్లింటికి వెళ్లాను. రేసు మొదలైన కాసేపటికే కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆగింది. వాకిట్లోంచి ఖాజా వాళ్లమ్మ అన్నది: "చేన్లల్ల మోటర్లు ఏసిన్రు బిడ్డా. గిప్పుడు ఫ్యాను గూడ సక్కగ తిరుగదు."

వెంట తెచ్చిన చిన్న కార్డు పెట్టాను. దానికి కరెంటు తక్కువ చాలు. గేమ్ తడబడుతూనే నడిచింది, కంప్యూటర్ మాత్రం ఆగలేదు.

"గిదే ఉండనియ్యన్నా," అన్నాడు ఖాజా. "ఆట జర మెల్లగ నడిచినా ఏం గాదు. నడుమ బందైతెనే పరేషాన్."

నా షాపులో వోల్టేజీ పడిపోనివ్వని స్టెబిలైజర్ ఉంది. ఏ కార్డు మంచిదో నేను తేల్చేదంతా దాని మీదే.

అలాంటి పెద్ద కార్డే పోయిన నెల మానవపాడులో ఉండే రాజుకు ఇచ్చాను. ఇంతవరకు ఒక్క ఫోనూ చేయలేదు. బాగా నడుస్తోంది కాబట్టే చేయడం లేదనుకున్నాను. అక్కడా ఆగిపోతుంటే, తప్పు తన ఇంటి కరెంటుదే అనుకుని ఊరుకున్నాడేమో...