ఎడమకు తిరిగిన డ్రమ్ము

అక్కా,

పోయిన ఆదివారం మైదానంలో మా సైనిక బ్యాండంతా కుడికి తిరిగితే, నేనొక్కణ్ణే ఎడమకు తిరిగి, పెద్ద డ్రమ్ము వాయించుకుంటూ తిన్నగా జనం మీదికి వెళ్లిన సంగతి నువ్వు కళ్లారా చూశావు. అమ్మ కుర్చీ ఎక్కి, గొడుగు ఊపుతూ, "ఒరేయ్, ఇటు కాదురా! నీవాళ్లంతా అటు పోతున్నారు!" అని అరవడమూ చూశావు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పెద్ద ఆఫీసరుగారైతే కళ్లు తుడుచుకుంటూ లేచి మరీ చప్పట్లు కొట్టారు.

మా బ్యాండు మాస్టరు పిలిపిస్తే ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయనేమో, "ఆ ఎడమ తిరుగుడు ఇకనుంచి ప్రతి ప్రదర్శనలోనూ ఉండాలి. ఆ అరిచినావిడ కూడా ఉండాలి. ఎవరావిడ, నాటకాల్లో వేస్తారా?" అన్నారు.

"అవునండీ" అనేశాను.

అందుకని వచ్చే ఆదివారం కూడా అమ్మను తీసుకొచ్చి జనంలో ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టు, ఎక్కడన్నది నాకు చెప్పకు. అసలు సంగతి మాత్రం అమ్మకు చెప్పకు. నటించమంటే ఆవిడకు నోరు పెగలదు. నేనూ అంతే. నాలుగు రోజులుగా సాధన చేస్తున్నా ఈ కాళ్లు బుద్ధిగా కుడికే తిరుగుతున్నాయి. ఆరోజైనా జనంలో అమ్మ ఎక్కడుందా అని వెతుకుతూనే కదా దారి తప్పాను!

గొడుగు మరిచిపోకు.

నీ తమ్ముడు