గరుకు కాగితం చీటీలు

చెల్లెమ్మా,

నీ ఉత్తరం అందింది. జవాబు రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. మీ పాస్టరుగారికి కష్టకాలం వచ్చిందని, సంఘంవాళ్లు ఆయనకు ఎలా అండగా ఉండాలో చెప్పమని అడిగావు. అడగడానికి నీకు నేనే దొరికానా? మా పాస్టరుగారిని కొద్దిలో ఊరు దాటించబోయినవాణ్ణి నేను. ఈ మాట మనవాళ్లలో మీ వదినకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు గండం గట్టెక్కింది గనక ధైర్యంగా రాస్తున్నాను.

నా చీటీల సంగతి నీకు తెలుసుగా. బడి మొహం చూడకుండా, రంపం పట్టిన చేత్తోనే అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. చదవడం వచ్చాక తప్పులు పట్టడం దానంతటదే వచ్చింది. మా పాస్టరుగారికేమో ప్రసంగంలో వడ్రంగం పోలికలు తేవడం సరదా. సుత్తి ఎటునించి పట్టుకోవాలో తెలియదు పాపం. మేకును చెక్క అంచున దిగ్గొడితేనే బిగువంటారు. అంచున కొడితే చెక్క చీలిపోదూ? చూస్తూ ఊరుకోలేక ఇంటికొచ్చి, చెక్క నునుపు చేసి చేసి అరిగిపోయిన గరుకు కాగితం వెనక పెన్సిలుతో రాసి, మరుసటి ఆదివారం గుడి గుమ్మం దగ్గర ఆయన చేతిలో పెట్టేవాణ్ణి. పదకొండేళ్లు ఇదే వరస.

మామూలు కాగితం మీద రాసి ఏడవచ్చుగా అని మీ వదిన పోరు. గరుకు కాగితానికి వెనకవైపు ఎంత నున్నగా ఉంటుందో లోకానికి తెలియదు, అందరి చూపూ ముందువైపే. సరే, ఆ గొడవ మరోసారి. ఆయన ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకునేవారు. ఆ రాపిడికి జేబులు చిరిగేవి. ఆయన భార్య, సంఘమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, నన్ను చూసినప్పుడల్లా, “మేస్త్రిగారూ, మీ చీటీలు ఈయనకు వడ్రంగం నేర్పాయో లేదో గానీ నాకు మాత్రం కుట్టుపని నేర్పాయి” అనేవారు.

ఆ అమ్మగారు పోయారు. మూడు వారాల జ్వరం, అంతే.

అప్పటినుంచీ సంఘమంతా ఆయన్ని గాజుసామానులా చూడటం మొదలుపెట్టింది. ఆయన ప్రసంగం మధ్యలో ఆగిపోతే అందరం తలలు దించుకునేవాళ్లం. మా సంఘంలోని టీచరమ్మ కూరగిన్నె గుమ్మంలో పెట్టి, ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదని తలుపు తట్టకుండానే వెళ్లిపోయేది. నేను చీటీలు మానేశాను. ఇంత దుఃఖంలో ఉన్న మనిషికి మేకుల గోల ఎందుకని. నా మంచితనానికి నేనే మురిసిపోయాను కూడా.

ఐదో నెలలో ఆయన కబురు పెడితే వెళ్లాను.

“పుస్తకాలకు రెండు చెక్కపెట్టెలు కావాలి మేస్త్రిగారూ. మూతలు గట్టిగా ఉండాలి, దూరం వెళ్లాలి.”

“ఎక్కడికండీ?”

“మా తమ్ముడి దగ్గరికి. సంఘ పెద్దలకు ఆదివారం చెబుతాను.”

నేను పుస్తకాలు కొలవడం మొదలుపెట్టాను. కొలిచిందే మూడుసార్లు కొలిచాను. చివరికి, “మావల్ల ఏమన్నా తప్పు జరిగిందా అయ్యగారూ?” అన్నాను.

“మీరందరూ మంచివాళ్లే. నేనే పనికిరాకుండా పోయాను” అంటూ సొరుగు లాగారు. లోపల నా చీటీలు! దారంతో కట్టలు కట్టి ఉన్నాయి. “ఐదు నెలలుగా ఒక్కటీ లేదు. పోయిన నెల ప్రసంగంలో కావాలనే రంపంతో మేకులు పీకొచ్చని చెప్పాను. మీరు తలన్నా ఎత్తలేదు. మీరే వినడం మానేశాక ఇంక వినేదెవరు?”

“విన్నానండీ బాబూ! రంపంతో మేకు పీకితే దాని పళ్లు రాలిపోవూ? ఇంటికెళ్లి మా ఆవిడ మీద అరిచాను!”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“మీరు బాధలో ఉన్నారని...”

“బాధలోనే ఉన్నానయ్యా. చెవిటివాణ్ణి కాలేదుగా!”

నవ్వారు. ఆ నవ్వులోంచే ఏడ్చేశారు. అమ్మగారి పేరు ఎత్తితే ఎక్కడ కుంగిపోతారోనని అందరూ ఆమె ఊసే మానేశారట. నేను ఆ కుట్టుపని మాట గుర్తుచేశాను. మధ్యాహ్నందాకా ఆమె గురించే మాట్లాడుకున్నాం. నేను బయల్దేరేముందు ఇద్దరం మోకరించి ప్రార్థన చేశాం. నా మోకాళ్లు ఎంత చప్పుడు చేశాయో దేవుడికే ఎరుక.

పెద్దలకు సంగతంతా చెప్పాను. ఇప్పుడు నెలకో ఆదివారం వాళ్లే ప్రసంగం చేసి ఆయనకు విశ్రాంతి ఇస్తున్నారు. టీచరమ్మ తలుపు తట్టి, కూర్చుని, గిన్నె కడిగించుకుని మరీ వెళుతోంది. పెట్టెలు చేయలేదు. అవే కొలతలకు ఆయన గదిలో పుస్తకాల అర కొట్టాను. మేకులు అంచుకు దూరంగానే.

నువ్వు అడిగినదానికి నాకు తెలిసింది ఇంతే. పోయి తలుపు తట్టు. ఆ మాట చెప్పడానికి ఇంత రాశానని మీ వదిన నవ్వుతోంది.

ఇట్లు,
ఎవరి తప్పూ వదలని నీ అన్నయ్య

తా.క.: మొన్న ఆదివారం ఆయన జిగురు ఆరకముందే కుర్చీలో కూర్చోవచ్చన్నారు. ఆ సాయంత్రమే చీటీ ఇచ్చాను. బుధవారం చిరిగిన జేబుతో ఆయన చొక్కా మా ఇంటికి వచ్చింది. మీ వదిన జేబు కుట్టింది.