ఎడమకు వాలిన రంధ్రం

చెల్లీ,

ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. నిన్ను తలుచుకుని కుళ్లుకుంటున్నాను.

విరిగిన ఎముక మధ్యలో పెట్టే జల్లెడలాంటి ముక్కని, దాని రంధ్రాల్ని కొత్త ఎముక పట్టుకుని పెరిగేలా, కంప్యూటర్లో వారమంతా కూర్చుని గీసేదాన్ని. నువ్వు రాసిన ప్రోగ్రాం దాన్ని మా డాక్టరుగారి టీ చల్లారేలోపు గీసేసింది. "మీ చెల్లెలు అసాధ్యురాలండీ!" అని ఆయన నాతోనే అన్నారు.

కళ్లలో వత్తులేసుకుని తప్పు వెతికాను. అంచున ఒక రంధ్రం ఎడమకు వాలి ఉంది. దొరికావే పిల్లా అనుకున్నాను. తీరా చూస్తే అది నా చేతి అలవాటే. నా పాత డిజైన్లు చూపించే కదా నీ ప్రోగ్రాంకి నేర్పావు!

దానివల్ల ఎముకకు నష్టమేం లేదు. అయినా సరిచేస్తానన్నావట. ముట్టుకున్నావో, ఊరుకోను. పేరంతా నీకే రానీ, ఆ వంకర మాత్రం నాది.

మీ అక్క