కుక్కపిల్లకు డబ్బు కట్టకండి

బందరు, 16-8-2006

నాన్నగారికి,

పెద్దలకు బుద్ధులు చెప్పే ఈ మహాపాతకానికి నన్ను ముందుగానే క్షమించండి. కార్డు చదివాక మీకు క్షమించే ఉద్దేశం మిగలదు.

మన చెల్లి సుష్మిత ఇంటర్నెట్లో చూసి మిమ్మల్ని ఒప్పించిన తెల్ల కుక్కపిల్ల సంగతి ఇది. పిల్ల ఉచితమనీ, విమానం ఖర్చు మాత్రం బ్యాంకులో వేయమనీ అన్న ఆ బెంగుళూరు ధర్మాత్ముడి మీద నాకు అనుమానం పుట్టింది. లేని మావయ్యను ఒకరిని పుట్టించి, "మావయ్యగారు మీ ఊళ్లోనే ఉన్నారండి, సాయంత్రం వచ్చి పిల్లనీ, దాని తల్లినీ చూసుకుంటారు" అని నెట్ సెంటర్ నుంచి రాశాను. గంటలో జవాబొచ్చింది. తల్లి చచ్చిపోయిందట, ఆయన ఢిల్లీకి మారిపోయాడట, డబ్బు మాత్రం ఇవాళే వేయాలట. నెట్ సెంటర్ నడిపే శ్యామ్ సుందర్ వెతికితే అదే ఫొటో, అదే ఎర్ర రిబ్బనుతో, మరో రెండు ఊళ్లలో అమ్మకానికి ఉంది.

"ఏంటి బావా, ఈ కుక్క మన ఆర్టీసీ కండక్టర్ కన్నా ఎక్కువ తిరుగుతోంది!" అన్నాడు.

రెండు పూటలా ఎదురుగా పాలు పితికిస్తే గానీ గేదెకు బయానా ఇవ్వని మీరు ఫొటోకు డబ్బు కడతారా?

అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? ఇక్కడ దోమలు నన్ను ఎత్తుకుపోయేలా ఉన్నాయి, అవనిగడ్డ నుంచి ఎవరొచ్చినా దోమతెర పంపండి. సుష్మితకు ఒక మొట్టికాయ, అమ్మకు నా దండాలు.

బ్యాంకు పాస్‌బుక్ ఎక్కడో పారేసిందని అమ్మను కేకలేయకండి. ఆదివారం వస్తూ సంచిలో వేసుకొచ్చింది నేనే.

చిన్నబాబు